హెల్త్ ఇన్సూరెన్స్ అమ్మాలంటే: సొంత కోడ్ తీసుకోవాలా, ఒక సంస్థ కింద చేరాలా?

మన దగ్గర "ఏజెన్సీ తీసుకున్నాడు" అంటే ఏదో ఒక బీమా కంపెనీలో తన పేరు మీద ఏజెంటు కోడ్ తెచ్చుకున్నాడని అర్థం. "ఏజెన్సీలో చేరాడు" అంటే కథ వేరు. ఒక బ్రోకరు దగ్గరో, బ్యాంకు బీమా విభాగంలోనో, పాలసీలు అమ్మిపెట్టే మరో సంస్థలోనో పనికి కుదిరాడని. తీసుకోవడానికీ చేరడానికీ మధ్య ఎంత దూరం ఉందో తెలియకుండానే చాలామంది సంతకం పెట్టేస్తారు. నాలుగైదేళ్లు కష్టపడ్డాక, తాము తెచ్చిన పాలసీలు తమవి కావని అప్పుడు తెలుస్తుంది.

ఈ వృత్తిలోకి కొత్తగా రావాలనుకునేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎక్కడ కమీషన్ ఎక్కువ?" ఆ ప్రశ్న తప్పని అనను, ఇల్లు గడవాలి కదా. కాకపోతే దాన్ని మూడో ప్రశ్నగా పెట్టుకోమని చెబుతాను. మొదటిది: నేను తెచ్చిన పాలసీ వచ్చే ఏడాది రెన్యువల్ అయినప్పుడు ఆ డబ్బు ఎవరికి వెళ్తుంది? రెండోది: కస్టమరు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసిన రాత్రి నా వెనక ఎవరున్నారు? ఈ రెండింటికీ జవాబు దొరికితే మీ దారి సగం తేలిపోయినట్టే.

ముందుగా రెన్యువల్ సంగతి

జీవిత బీమాలో మొదటి ఏడాది కమీషన్ భారీగా ఉండి తర్వాత బాగా తగ్గిపోతుంది. హెల్త్‌లో లెక్క అలా నడవదు. ఇవి ఎక్కువగా ఏడాది పాలసీలే, ఏటా కొత్తగా కట్టాల్సిందే. సంప్రదాయంగా రెన్యువల్ మీద వచ్చే కమీషన్ కూడా మొదటి ఏడాదికి దగ్గరగానే ఉంటూ వచ్చింది. అందుకే ఇందులో సంపాదన అమ్మకం దగ్గర ఆగదు, నిలబెట్టుకోవడం దగ్గర పెరుగుతుంది.

ఊహించిన అంకెలతో ఒక లెక్క వేద్దాం. ఏటా 60 కొత్త పాలసీలు చేశారనుకోండి. ఒక్కోటి 20 వేల రూపాయల ప్రీమియం, కమీషన్ 15 శాతం. అంటే పాలసీకి 3 వేలు. ప్రతి ఏడాదీ పాత పాలసీల్లో నూటికి 80 రెన్యువల్ అవుతాయి, ప్రీమియం పెరగదు అనుకుందాం.

మొదటి ఏడాది మీకు వచ్చేది 1 లక్షా 80 వేలు. నెలకు 15 వేలు, అందులోంచే పెట్రోలూ ఫోనూ పోవాలి. రెండో ఏడాది 108 పాలసీలు, 3 లక్షల 24 వేలు. ఐదో ఏడాదికి మీ చేతిలో దాదాపు 200 పాలసీలు ఉంటాయి, రాబడి 6 లక్షలు దాటుతుంది. అందులో కొత్త పాలసీల వాటా అదే పాత 1 లక్షా 80 వేలే. మిగిలిన నాలుగు లక్షల పైచిలుకు పాతవాళ్ల రెన్యువల్సే.

ఇప్పుడు ఐదో ఏడాది చివర మీరు ఆ సంస్థ వదిలేశారనుకోండి. ఒప్పందంలో "సంస్థను వీడిన తర్వాత కమీషన్ చెల్లించబడదు" అని ఒక వాక్యం ఉంటే, ఆరో ఏడాది రావాల్సిన నాలుగు లక్షల ఎనభై వేలు గాలికి పోయినట్టే. మొదటి ఏడాది రెండు శాతం ఎక్కువ ఇస్తామన్నారని చేరినందుకు మిగిలేది అదీ.

శాతాల గురించి కూడా ఒక మాట. 2023 మార్చి వరకు వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద కమీషన్‌కు 15 శాతం పరిమితి ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆ పరిమితి తీసేసి, కంపెనీ మొత్తం నిర్వహణ ఖర్చుల మీద గీత గీసింది. జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలకు ప్రీమియంలో 30 శాతం, హెల్త్ మాత్రమే చేసే కంపెనీలకు 35 శాతం. ఆ గీత దాటకుండా ఎవరికెంత ఇవ్వాలో కంపెనీ బోర్డు నిర్ణయిస్తుంది. కాబట్టి పక్కవాడికి వచ్చిన శాతమే మీకూ వస్తుందని అనుకోవద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే) పాలసీల మీద జీఎస్‌టీ ఎత్తేయడం కస్టమరుకు మేలు చేసింది. కంపెనీలకు మాత్రం ఇన్‌పుట్ క్రెడిట్ (తాము ఖర్చుల మీద కట్టిన జీఎస్‌టీని సర్దుబాటు చేసుకునే వీలు) పోయింది, ఆ భారంలో కొంత కమీషన్ల మీదకు జరిగింది. ఎవరైనా మీకు ఒక శాతం చెబితే అది జీఎస్‌టీ కలిపి చెబుతున్నారా, కలపకుండానా అని అప్పుడే అడగండి.

క్లెయిమ్ వచ్చిన రాత్రి

నేను ఒక కంపెనీ కోడ్ తీసుకున్న తొలి ఏడాది ఒక ఇంటికి వెళ్లాను. యాభై దాటిన పెద్దమనిషి, భార్య, కొడుకు. ప్రపోజల్ ఫారం నింపుతూ "ఏమైనా జబ్బులున్నాయా సార్?" అని అడిగాను. "దేవుడి దయ వల్ల ఏమీ లేవు బాబూ" అన్నారు. లేవు అని టిక్ పెట్టాను. టీవీ పక్కన, రిమోట్ కింద, సగం వాడిన మాత్రల అట్ట ఉంది. నేను చూశాను. చూసి కూడా అడగలేదు.

రెండేళ్ల తర్వాత రాత్రి పదకొండింటికి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. గుండె నొప్పితో చేర్చారు. క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం) రాలేదు. ఆసుపత్రి కాగితాల్లో డాక్టరు "పదేళ్లుగా బీపీ, మందులు వాడుతున్నారు" అని రాశారు, మా ఫారంలో ఏమీ లేదని ఉంది. ఆ కుటుంబం అప్పు తెచ్చి బిల్లు కట్టింది. ఆయన అబద్ధం ఆడలేదు. చాలామంది దృష్టిలో బీపీ, షుగరు జబ్బులు కావు, వయసుతో వచ్చే సంగతులు. తప్పు నా ప్రశ్నలో ఉంది. ఇప్పుడు నేను జబ్బుల మాట ఎత్తను. "రోజూ వేసుకునే మాత్రలేమైనా ఉన్నాయా? ఒకసారి తెచ్చి చూపిస్తారా?" అని అడుగుతాను. అట్ట చేతిలోకి తీసుకుని మందు పేరు రాసుకుంటాను. ప్రీమియం కొంచెం పెరుగుతుంది, ఒక్కోసారి కంపెనీ పాలసీ ఇవ్వనంటుంది. అయినా ఆ రాత్రి లాంటిది ఇంకొకటి రాకూడదు.

ఇది ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. సొంత కోడ్ తీసుకున్నప్పుడు ఫారం నింపడం నాకు ఎవరూ దగ్గర కూర్చుని నేర్పలేదు. శిక్షణలో నిబంధనలు చెప్పారు, ఇంట్లోకి వెళ్లాక ఎలా అడగాలో చెప్పలేదు. మంచి బ్రోకరు సంస్థలో ఆరు నెలలు పనిచేసి ఉంటే, అక్కడి క్లెయిముల విభాగం మనిషి నాకు మొదటి వారంలోనే చెప్పి ఉండేవాడు. కాబట్టి ఏ దారి ఎంచుకున్నా, "నాకు ఎవరు నేర్పుతారు, క్లెయిమ్ ఆగిపోతే నేను ఎవరికి ఫోన్ చేయాలి" అన్నది తేల్చుకోండి. ఆ మనిషి పేరు, హోదా, నంబరు మీ దగ్గర ఉండాలి. కస్టమర్ కేర్ నంబరు దానికి జవాబు కాదు.

దారులన్నీ ఒకచోట

| చూడాల్సింది | కంపెనీలో సొంత ఏజెంటు కోడ్ | బ్రోకరు కింద పీఓఎస్‌పీ (పాయింట్ ఆఫ్ సేల్స్ పర్సన్) | సంస్థలో జీతానికి |
|---|---|---|---|
| ఎన్ని కంపెనీల పాలసీలు | ఒక జనరల్, ఒక హెల్త్ కంపెనీ | బ్రోకరుకు ఒప్పందం ఉన్నవన్నీ | సంస్థ అమ్మేవి |
| రెన్యువల్ కమీషన్ | కోడ్ నడుస్తున్నంత కాలం మీదే | ఒప్పందంలో రాసిన దాన్ని బట్టి | సంస్థదే |
| మొదటి ఏడాది రాబడి | తక్కువ, నిలకడ ఉండదు | తక్కువ, నిలకడ ఉండదు | నెలనెలా జీతం |
| కస్టమర్లను వెతకడం | మీరే | ఎక్కువగా మీరే | సంస్థ లీడ్స్ (ఆసక్తి ఉన్నవాళ్ల నంబర్లు) ఇస్తుంది |
| క్లెయిమ్‌లో తోడు | బ్రాంచి, మీ మేనేజరు | బ్రోకరు క్లెయిముల విభాగం | ప్రత్యేక విభాగం, మీ పాత్ర తక్కువ |
| టార్గెట్ ఒత్తిడి | ఓ మోస్తరు | తక్కువ | చాలా ఎక్కువ |

పట్టికలో అన్నీ ఇమడవు. ఒక్కొక్కటీ విడిగా చూద్దాం.

సొంత కోడ్

పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండితే చాలు. కంపెనీ శిక్షణ ఇస్తుంది, ఐసీ-38 అనే ఏజెంట్ల పరీక్ష పాసవ్వాలి, తర్వాత నియామక పత్రం, కోడ్ వస్తాయి. చేతి నుంచి పెద్దగా ఖర్చేమీ ఉండదు.

చట్టం ప్రకారం ఒక వ్యక్తి ఒక జీవిత బీమా కంపెనీకి, ఒక జనరల్ కంపెనీకి, హెల్త్ మాత్రమే చేసే ఒక కంపెనీకి ఏజెంటుగా ఉండొచ్చు. ఇందులో కొత్తవాళ్లు గమనించని వెసులుబాటు ఒకటి ఉంది. జనరల్ కంపెనీలు కూడా హెల్త్ పాలసీలు అమ్ముతాయి. అంటే రెండు కోడ్‌లు తీసుకుంటే మీ సంచిలో రెండు కంపెనీల హెల్త్ పాలసీలు ఉంటాయి. ఒకటి ప్రభుత్వ రంగ జనరల్ కంపెనీ, ఇంకొకటి హెల్త్ కంపెనీ తీసుకున్న ఏజెంట్లు కొందరు నాకు తెలుసు. ఒకచోట ఒప్పుకోని కేసు రెండోచోట పెడతారు. చాలా కుటుంబాలకు ఆ రెండూ సరిపోతాయి.

సరిపోని సందర్భాలూ వస్తాయి. కస్టమరు ఫోన్‌లో పది కంపెనీలు పోల్చి చూసుకుని మీ ముందు కూర్చుంటాడు. "ఆ కంపెనీలో గది అద్దెకు పరిమితి లేదంట, మీదాంట్లో ఉంది కదా" అంటాడు. మీరు చట్టప్రకారం కంపెనీ ప్రతినిధి. అతను చెప్పేది నిజమని తెలిసినా మీ దగ్గర ఉన్నది రెండే. అలాంటప్పుడు అవును, మీకు అదే మంచిదని చెప్పి పంపించగలగాలి. నేను అలా పంపినవాళ్లలో కొందరు తర్వాత తమ అమ్మానాన్నల పాలసీ కోసం తిరిగి వచ్చారు. అందరూ రారు, అది కూడా తెలిసే ఉండాలి.

ఇంకో చిక్కు. సొంత కోడ్ ఉన్నవాడిని చుట్టాలూ స్నేహితులూ మొదట అడిగేది "నీ కమీషన్‌లో మాకెంత ఇస్తావు?" అని. కమీషన్‌లో వాటా వెనక్కి ఇవ్వడం బీమా చట్టం 41వ సెక్షన్ కింద నేరం, 10 లక్షల వరకు జరిమానా. ఒకసారి ఇస్తే ప్రతి రెన్యువల్‌కూ అడుగుతారు, పక్కింటివాళ్లకీ చెబుతారు. మొదటి కస్టమరు దగ్గరే కుదరదని చెప్పేయండి. దానికి బదులు క్లెయిమ్ వస్తే ఆసుపత్రికి వస్తానని చెప్పండి, నిజంగానే వెళ్లండి.

బ్రోకరు కింద పీఓఎస్‌పీగా

పాయింట్ ఆఫ్ సేల్స్ పర్సన్ అనే ఈ ఏర్పాటు 2015లో వచ్చింది. దీనికీ పదో తరగతి చాలు. 15 గంటల శిక్షణ, తర్వాత ఆ సంస్థే పెట్టే పరీక్ష. మీ పాన్ లేదా ఆధార్ ఆధారంగా పాలసీ మీ ద్వారా జరిగిందని నమోదవుతుంది. కంపెనీలు కూడా నేరుగా పీఓఎస్‌పీలను తీసుకుంటాయి, కానీ ఇక్కడ అసలు ఆకర్షణ బ్రోకరు కింద ఉండటంలోనే ఉంది. బ్రోకరుకు ఏ కంపెనీలతో ఒప్పందం ఉంటే ఆ పాలసీలన్నీ మీ ఫోన్‌లోని యాప్‌లో కనిపిస్తాయి. కస్టమరు ముందు కూర్చుని నాలుగు కంపెనీలు పక్కపక్కన పెట్టి చూపించొచ్చు. చట్టం దృష్టిలో ఏజెంటు కంపెనీ వైపు మనిషి, బ్రోకరు కస్టమరు వైపు మనిషి. క్లెయిమ్ దగ్గర బ్రోకరు కంపెనీతో గట్టిగా మాట్లాడగలగడానికి ఇదొక కారణం.

పరిమితి ఏమిటంటే, పీఓఎస్‌పీ అమ్మాల్సినవి అండర్‌రైటింగ్ నిబంధనలు (ఎవరికి, ఏ షరతులతో పాలసీ ఇవ్వాలన్నవి) ముందే ఖరారైన పాలసీలు. స్టెంట్ వేయించుకున్న మనిషి, ఇన్సులిన్ తీసుకునే తల్లి ఇలాంటి కేసులు వచ్చినప్పుడు సంస్థలోని అర్హత ఉన్న మనిషి చేతికి ఫైలు ఇవ్వాల్సి వస్తుంది. ఇచ్చాక అది ఎవరి ఖాతాలో పడుతుందో ముందే మాట్లాడుకోవాలి.

ఈ దారిలో నన్ను భయపెట్టేది సంస్థల మధ్య తేడా. కొన్నిచోట్ల క్లెయిముల కోసం అనుభవం ఉన్నవాళ్లు కూర్చుని ఉంటారు, ఫోన్ ఎత్తుతారు. కొన్నిచోట్ల యాప్ తప్ప మనిషి కనిపించడు. వందలమందిని చేర్చుకుంటారు, ఎవరూ ఏమీ నేర్పరు. చేరినవాళ్లు తమ ఇంట్లోవాళ్లకీ చుట్టాలకీ నాలుగు పాలసీలు చేసి మానేస్తారు. ఆ నాలుగు పాలసీల రెన్యువల్ మాత్రం సంస్థకు ఏటా వస్తూనే ఉంటుంది. ఎక్కువమందిని చేర్పిస్తే బోనస్ ఇస్తాం అని మొదలుపెట్టే చోటికి వెళ్లవద్దని నా సలహా. వాళ్ల దృష్టిలో కస్టమరు మీరే.

చేరేముందు ఆ సంస్థలో ఏడాది దాటిన ఒక పీఓఎస్‌పీతో మాట్లాడండి. "మీ కస్టమరు క్లెయిమ్ ఒకటైనా వచ్చిందా? అప్పుడు సంస్థ ఏం చేసింది?" అని అడగండి. జవాబు చెప్పడానికి అతను ఎంతసేపు ఆలోచిస్తాడో చూడండి.

జీతానికి చేరడం

బ్యాంకులో, బ్రోకరు ఆఫీసులో, ఆన్‌లైన్ వేదిక కాల్ సెంటర్‌లో. ఇక్కడ నెల జీతం, దాని మీద ఇన్సెంటివ్. పాలసీల గురించి అడిగినవాళ్ల నంబర్లు వాళ్లే ఇస్తారు. రోజుకు ఎన్నో కాల్స్ చేయాలి. ఆరు నెలల్లో మీరు వినే ప్రశ్నలు సొంత కోడ్ మనిషి మూడేళ్లలో వింటాడేమో. వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకు క్లెయిమ్ రాకుండా ఆగాల్సిన కాలం), కో-పే (బిల్లులో కస్టమరు కట్టాల్సిన వాటా), గది అద్దె పరిమితి, రీస్టోరేషన్ (వాడేసిన బీమా మొత్తం మళ్లీ నిండటం) అన్నీ నిద్రలో అడిగినా చెప్పగలిగేలా తయారవుతారు.

దీనికి కట్టాల్సిన ధర రెండు రకాలు. ఒకటి, కస్టమరు మీవాడు కాడు. ఉద్యోగం మానిన రోజున చేతిలో ఏమీ ఉండదు, అతని నంబరు తెచ్చుకోవడం కూడా ఒప్పందం ప్రకారం తప్పే అవుతుంది. రెండోది నాకు ఇంకా పెద్దదిగా అనిపిస్తుంది. నెలాఖరు టార్గెట్ నెత్తిన ఉన్నప్పుడు "మాత్రల అట్ట తెచ్చి చూపించండి" అని అడిగే ఓపిక ఉండదు. అడిగితే కాల్ సాగుతుంది, కేసు వైద్య పరీక్షలకు వెళ్తుంది, ఈ నెల లెక్కలోకి రాదు. ఆ ఒత్తిడిలో కూడా నిజాయితీగా అడిగేవాళ్లను చూశాను. వాళ్లంటే నాకు ఎంతో గౌరవం. కానీ మీ మనస్తత్వం దానికి తట్టుకుంటుందో లేదో మీరే చూసుకోవాలి.

వేరేవాళ్ల కోడ్ మీద వేయడం: వద్దు

ఈ దారి ఏ బ్రోచర్‌లోనూ ఉండదు, చుట్టూ మాత్రం చాలా కనిపిస్తుంది. "నువ్వు కేసులు తీసుకురా, నా కోడ్ మీద వేద్దాం, సగం నీకిస్తా" అని ఒక సీనియరు అంటాడు. పరీక్ష అక్కర్లేదు, కాగితాలు అక్కర్లేదు, సులువుగా ఉంటుంది.

బీమా చట్టం ప్రకారం పాలసీ తెచ్చినందుకు ప్రతిఫలం తీసుకునే హక్కు నమోదైన ఏజెంటుకో, మధ్యవర్తి సంస్థకో మాత్రమే ఉంది. మీరు ఆ రెండూ కాదు. సగం ఇవ్వకపోతే అడగడానికి మీ చేతిలో కాగితం ముక్క లేదు. రెన్యువల్ వచ్చేసరికి ఆ సీనియరే కస్టమరుకు నేరుగా ఫోన్ చేస్తాడు. ఇవన్నీ మీకు జరిగే నష్టాలు. కస్టమరుకు జరిగేది ఇంకా పెద్దది. అతను మీకు నగదు ఇస్తాడు, మీరు సీనియరుకు ఇస్తారు, సీనియరు నాలుగు రోజులు తిప్పుకుంటాడు. ఏజెంటు తీసుకున్న ప్రీమియం 24 గంటల్లో కంపెనీకి చేరాలని చట్టం చెబుతోంది, ప్రీమియం అందకుండా కంపెనీ మీద బాధ్యత మొదలవదు. ఆ నాలుగు రోజుల్లో యాక్సిడెంట్ అయితే పాలసీయే లేదు. ఏ దారిలో ఉన్నా సరే, కంపెనీ పంపే లింక్ ద్వారా కస్టమరు చేతే నేరుగా కట్టించడం అలవాటు చేసుకోండి.

సొంత సంస్థ పెట్టడం

ఇది మొదటి మెట్టు కాదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఇన్సూరెన్స్ మార్కెటింగ్ ఫర్మ్ అనే లైసెన్సుకు 10 లక్షల నికర విలువ చూపించాలి, దాంతో ఆరు జనరల్, ఆరు హెల్త్ కంపెనీల వరకు ఒప్పందం చేసుకోవచ్చు. డైరెక్ట్ బ్రోకరు లైసెన్సుకు 75 లక్షల మూలధనం కావాలి, కంపెనీల సంఖ్యకు పరిమితి లేదు. మూడు నాలుగు వందల కుటుంబాలు మిమ్మల్ని నమ్మి ఏటా రెన్యువల్ చేస్తున్నప్పుడు మార్కెటింగ్ ఫర్మ్ గురించి ఆలోచించండి. అంతకుముందు ఆఫీసు అద్దే మింగేస్తుంది.

ఎవరికి ఏది నప్పుతుంది

ఇప్పటికే జీవిత బీమా ఏజెంటుగా పదేళ్లు తిరిగినవాళ్లకు నా జవాబు తడుముకోకుండా వస్తుంది: హెల్త్ కంపెనీలో సొంత కోడ్. మీకు ఇళ్లున్నాయి, నమ్మకం ఉంది, వాళ్ల పిల్లల పుట్టినరోజులు కూడా తెలుసు. మీకు లీడ్స్ అక్కర్లేదు, సంస్థకు వాటా ఇవ్వాల్సిన పనీ లేదు. జీవిత బీమా కోడ్ వదులుకోనక్కర్లేదు, చట్టం రెండింటినీ అనుమతిస్తుంది. మీరు నేర్చుకోవాల్సింది ఒక్కటే. జీవిత బీమాలో మీరు చూసే క్లెయిములు అరుదు, హెల్త్‌లో నెలకొకటి వస్తుంది. దానికి సమయం కేటాయించగలరా చూసుకోండి.

ఇప్పుడే చదువు ముగించి, చేతిలో పరిచయాలు లేనివాళ్లు జీతానికి చేరండి. ఏడాదిన్నర, రెండేళ్లు. డబ్బు కంటే ప్రశ్నలు పోగుచేసుకోవడానికి వెళ్తున్నామని గుర్తుంచుకోండి. వీలైతే అమ్మకాల నుంచి కొన్నాళ్లు క్లెయిముల విభాగానికి మార్చమని అడగండి. ఆసుపత్రులు బిల్లు ఎలా వేస్తాయో, టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) దేన్ని కొట్టేస్తుందో అక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు. ఆ తర్వాత సొంత కోడ్ తీసుకుంటే మీ మొదటి ఫారమే సరిగ్గా ఉంటుంది.

వేరే పని చేసుకుంటూ వారాంతాల్లో చేద్దామనుకునేవాళ్లకు, ఇంటిపట్టున ఉండి రోజుకు రెండు మూడు గంటలు పెట్టగలిగేవాళ్లకు మంచి బ్రోకరు కింద పీఓఎస్‌పీ బాగుంటుంది. ఒక మంగళవారం మధ్యాహ్నం కస్టమరు ఆసుపత్రిలో ఉంటే మీరు వెళ్లలేరు, వెళ్లే విభాగం ఒకటి ఉండాలి. ఈ ఒక్క కారణం చాలు.

బ్యాంకులోనో ప్రభుత్వ ఉద్యోగంలోనో పనిచేసి రిటైరైనవాళ్ల విషయంలో నేను రెండు వైపులా ఊగుతాను. పరిచయాలు బోలెడు ఉంటాయి, సొంత కోడ్ సహజంగా కనిపిస్తుంది. అయితే ఆ పరిచయస్థుల్లో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే, ఏదో ఒక మందు వాడుతున్నవాళ్లే. ఇంతకుముందు ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా 36 నెలలని 2024లో కుదించినా, ఇలాంటి కేసుల్లో ఒక్కో కంపెనీ ఒక్కోలా చూస్తుంది. ఒకరు కాదంటే ఇంకొకరిని అడిగే అవకాశం ఉండాలి. మీ కస్టమర్లు అలాంటివాళ్లే అయితే బ్రోకరు వైపు మొగ్గండి. వాళ్ల పిల్లలకు చేయాలనుకుంటే సొంత కోడ్ చాలు.

సంతకానికి ముందు, మారేముందు

ఒప్పందం ఇంటికి తెచ్చుకుని చదవండి. అక్కడికక్కడే సంతకం కావాలన్నచోట అసలు పెట్టవద్దు. చూడాల్సిన వాక్యాలు: నేను మానేస్తే, లేదా మీరు నన్ను తీసేస్తే, ఇప్పటికే చేసిన పాలసీల రెన్యువల్ కమీషన్ వస్తుందా, ఎన్నేళ్లు? నేను చనిపోతే ఇంట్లోవాళ్లకు వస్తుందా? కనీసం ఇంత బిజినెస్ చేయకపోతే కోడ్ ఆపేస్తారా? కస్టమరు 30 రోజుల ఫ్రీ లుక్ గడువులో పాలసీ వెనక్కి ఇస్తే నాకు వచ్చిన కమీషన్ ఎలా తిరిగి తీసుకుంటారు? నోటిమాటగా "వస్తుందండీ, అందరికీ ఇస్తున్నాం" అంటే, ఆ మాటనే మెయిల్‌లో రాసి పంపమని మర్యాదగా అడగండి. పంపకపోతే మీకు జవాబు దొరికినట్టే.

ఒక కంపెనీ నుంచి అలాంటిదే ఇంకో కంపెనీకి ఏజెంటుగా మారాలంటే పాత కోడ్ సరెండర్ చేసి, విరమణ పత్రం తీసుకోవాలి. ఆ పత్రం వచ్చిన తేదీ నుంచి 90 రోజులు ఆగాకే కొత్త కంపెనీ నియమించగలదు. ఆ మూడు నెలలు మీరు కొత్త పాలసీ చేయలేరు. అందుకే జనవరిలో సరెండర్ చేయవద్దు. పాత పన్ను విధానంలో హెల్త్ ప్రీమియం మీద దొరికే పన్ను మినహాయింపు కోసం ఫిబ్రవరి, మార్చిలో పాలసీ తీసుకునేవాళ్లు ఎక్కువ, వాళ్ల రెన్యువల్స్ కూడా ఏటా ఆ రెండు నెలల్లోనే పడతాయి. ఏప్రిల్ దాటాక పెట్టుకోండి.

సరెండర్ చేసే ముందు మీ కస్టమర్లందరి రెన్యువల్ తేదీలు ఒక పుస్తకంలో రాసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. ఏజెంటు వెళ్లిపోయిన పాలసీని గుర్తుచేసేవాళ్లు ఉండరు. ఏడాది ప్రీమియానికి 30 రోజుల గ్రేస్ ఉంటుంది, అది దాటితే ఇన్నాళ్లు గడిపిన వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటికొస్తుంది. కమీషన్ మీకు వచ్చినా రాకపోయినా ఆ ఫోన్ చేయండి. "మీ తేదీ జూన్ 14, అప్పటికి నేను ఈ కంపెనీలో ఉండను, ఫలానా బ్రాంచిలో ఫలానావారిని అడగండి" అంటే చాలు, రెండు నిమిషాల పని.